వరండాలో డిఫరెన్షియల్, డెర్బీలో రైలింజన్

మా ఇంటి వరండాలో, చెప్పుల స్టాండు పక్కన, ఒక అంబాసిడర్ కారు డిఫరెన్షియల్ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దానికి కాలు తగిలించుకుని "ఇదేంటండీ?" అంటారు. అమ్మ "ఆయన్నే అడగండి" అని లోపలికి వెళ్లిపోతుంది. అడిగితే ఇక అంతే, టీ చల్లారేదాకా వదలడు మా బాపు.

బాపు నలభై ఏళ్లు ఉప్పల్ దగ్గర లారీల హౌసింగ్ పని చేశాడు. లారీ వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి కనపడుతుంది చూశారా, అదీ హౌసింగ్ అంటే. ఇంజన్ నుంచి పొడుగాటి షాఫ్టు వచ్చి అందులోకి దూరుతుంది. లోపల పినియన్ అనే చిన్న గేరు క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, క్రౌన్‌తో పాటు తిరిగే కేజ్‌లో చిన్న గేర్లు కూర్చుని రెండు చక్రాలకూ వాటా వేస్తాయి. ఆ వాటా వేసేదే డిఫరెన్షియల్. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు ఇది నోటితో చెబితే ఎక్కదని, బాపు ఆ అంబాసిడర్ ముక్కను ఒక యాంగిల్ స్టాండు మీద బిగించాడు. కేజ్‌కి సందు కోసి లోపలి ఆ చిన్న గేర్లు, అంటే స్టార్ పినియన్లు, కనపడేలా చేశాడు. రెండు పక్కలా కోసిన యాక్సిల్ ముక్కలు దూర్చి, వాటి చివర చేత్తో తిప్పడానికి సైకిల్ పెడల్ రాడ్లు వెల్డింగ్ పెట్టాడు. షెడ్డు మూసేసిన రోజు పానాలు, జాకీలు, ప్రెస్సు అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాడు కానీ దీన్ని మాత్రం ఆటోలో వేసుకుని మౌలాలీ ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను బాలానగర్‌లో ఒక చిన్న గేర్ల కంపెనీలో డ్రాయింగులు గీస్తాను. మధ్యాహ్నం బాక్సు తిన్నాక మిగిలిన పావుగంట పాత యంత్రాల బొమ్మలు చూడటం అలవాటు. అలా చూస్తుండగా లోపలి భాగాలు కనపడేలా గీసిన ఒక రైలింజన్ కోత బొమ్మ కనపడింది. బ్రిటన్‌ది, నంబర్ 10100. రెండు చివర్లా పొడుగాటి ముక్కులు, మధ్యలో గది, కింద స్టీమ్ ఇంజన్‌కి ఉన్నట్టు చక్రాలను కలుపుతూ రాడ్లు. డీజిల్ బండికి రాడ్లేంటి అని పెద్దది చేసి చూశాను. నడిమధ్యన గేరుబాక్సు దగ్గర చూపు ఆగిపోయింది. అది మా వరండాలో ఉన్నదే! కాకపోతే తలకిందులుగా. ఇంజన్ ఉండాల్సిన చోట చక్రాలు, చక్రాలు ఉండాల్సిన చోట ఇంజన్లు.

ఆ ఆదివారం బాపు పేపరు చదువుతుంటే వెళ్లి అడిగాను. "బాపూ, ఇంజన్‌ను క్రౌన్ దగ్గర కాకుండ రెండు యాక్సిళ్ల దగ్గర రెండు పెడితే ఏమైతది?"

పేపరు పక్కన పెట్టాడు. జవాబు చెప్పలేదు. లేచి వచ్చి స్టాండు దగ్గర గొంతుక్కూర్చుని, మా వాడి పలక మీది సుద్దముక్క అడిగి తీసుకుని, క్రౌన్ మీద పైన ఒక గీత పెట్టాడు. కుడి పెడల్ నా చేతిలో పెట్టి "గట్టిగ పట్టుకో, కదలనియ్యకు" అన్నాడు. ఎడమ పెడల్‌ను తను నెమ్మదిగా ఒక చుట్టు పూర్తిగా తిప్పాడు. సుద్ద గీత పైనుంచి కిందికి వచ్చి ఆగింది. అంటే సగం చుట్టే.

"ఇప్పుడు నువ్వు గూడ తిప్పు. నాతోటి సమానంగ."

ఇద్దరం చెరో చుట్టు తిప్పాం. గీత కిందినుంచి పైకెళ్లి, మళ్లీ కిందికొచ్చి మొదలైన చోటే ఆగింది. ఒక చుట్టు.

"సమజైందా బిడ్డా? క్లచ్ తొక్కలే, గేరు మార్చలే. ఒక్కటి తిప్పితే చిన్న గేరు, రెండు తిప్పితే పెద్ద గేరు."

నేను దాన్ని చూస్తూ పట్టు కాస్త వదిలాను. బాపు ఎడమది తిప్పుతూనే ఉన్నాడు. కుడి పెడల్ గిర్రున వెనక్కి తిరిగి నా మణికట్టు మీద కొట్టింది. క్రౌన్ మాత్రం కదల్లేదు. నేను చెయ్యి రుద్దుకుంటుంటే నవ్వాడు. "చూసినవా? ఎన్కకు తిరగకుండ ఆపేటోడు ఉండాలె. వాడు ఊకె నిలబడ్డట్టు కనపడతడు గని, సగం బరువు వాని మీదనే ఉంటది."

కంపెనీలో ఇదే విషయాన్ని సమీకరణాలుగా రాసుకుంటాం. కేజ్ వేగం రెండు పక్కల వేగాల సగటు, కేజ్ మీది టార్క్ (తిప్పే బలం) రెండు పక్కల టార్క్‌ల మొత్తం. కానీ మణికట్టు మీద దెబ్బ తగిలాక అర్థమైనంత బాగా నాకు కాలేజీలో అర్థం కాలేదు, నిజం.

రైలింజన్లో ఇదంతా ఎందుకంటే, డీజిల్ ఇంజన్‌కి ఒక పుట్టు లోపం ఉంది. సున్నా నుంచి బరువు లాగలేదు. స్టీమ్ బండికి ఆవిరి తోస్తే చాలు, ఆగిన చోటు నుంచే పూర్తి బలం వస్తుంది. డీజిల్ ముందు తను తిరగాలి, ఆ తర్వాతే లాగగలదు. 1912 ప్రాంతంలో స్విట్జర్లాండులో సుల్జర్ వాళ్లు, రుడాల్ఫ్ డీజిల్ కూడా కలిసి, ఇంజన్‌ను నేరుగా చక్రాలకు తగిలించి ఒక బండి చేశారు. నొక్కి పెట్టిన గాలితో దాన్ని కదిలించి, ఆ తర్వాత డీజిల్ అందుకోవాలని ఆలోచన. అది నిలబడలేదు. ఆ తర్వాత ప్రపంచమంతా దాదాపు ఒకే దారి పట్టింది: డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పాలి, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి మోటార్లు తిరగాలి. మనం చిన్నప్పటినుంచి చూసిన ఆల్కోలు, అంటే డబ్ల్యూడీఎం-2లు, అవే. 2600 హార్స్‌పవర్, నల్లటి పొగ, గుండెల్లో కొట్టుకున్నట్టుండే ఆ చప్పుడు. పని బాగానే జరుగుతుంది కానీ ఆ జనరేటరూ మోటార్లూ చాలా బరువు. పైగా తిప్పుడును కరెంటు చేసి, కరెంటును మళ్లీ తిప్పుడు చేస్తే దారిలో కొంత వృథా.

ఆ బరువూ ఆ వృథా లేకుండా, గేర్లతోనే పని జరిపిద్దామని లెఫ్టినెంట్ కల్నల్ ఎల్.ఎఫ్.ఆర్. ఫెల్ అనే ఇంజనీరు పట్టుబట్టాడు. (పట్టాల మధ్య మూడో పట్టాను పట్టుకుని కొండలెక్కే 'ఫెల్' పద్ధతి ఒకటుంది, అది వేరే.) బ్రిటన్‌లోని ఎల్ఎంఎస్ అనే రైల్వే కంపెనీకి చీఫ్ మెకానికల్ ఇంజనీరుగా ఉన్న హెచ్.జి. ఐవాట్ దీనికి అండగా నిలిచాడు. ఈ ఐవాటే 1947లో బ్రిటన్ మొదటి మెయిన్‌లైన్ డీజిల్-ఎలక్ట్రిక్ 10000ను బయటికి తెచ్చినవాడు. ఒక చేత్తో అది, ఇంకో చేత్తో ఇది. అలాంటివాళ్లంటే నాకు ఇష్టం. 10100ను ఇంగ్లండ్‌లోని డెర్బీ వర్క్‌షాపులో కట్టారు, 1951 నాటికి రైళ్లు లాగడం మొదలుపెట్టింది.

ఇంజన్లు నాలుగు. ఒక్కోటి 500 హార్స్‌పవర్, పాక్స్‌మన్ కంపెనీవి, పన్నెండేసి సిలిండర్లు. ముందు ముక్కులో రెండు, వెనక ముక్కులో రెండు. రెండేసి ఇంజన్లు ఒక డిఫరెన్షియల్లో కలుస్తాయి. ఆ రెండు జతలూ మధ్యలో ఇంకో డిఫరెన్షియల్లో కలిసి చక్రాలకు వెళ్తాయి. మా వరండా లెక్కనే రెండుసార్లు వేసుకోండి. ఒక్క ఇంజన్ తిప్పితే పావు వేగం, దాని బలానికి నాలుగింతలు. రెండు తిప్పితే సగం వేగం. మూడు తిప్పితే ముప్పావు. నాలుగూ కలిస్తే పూర్తి వేగం. తిరగని ఇంజన్ వైపు షాఫ్టు వెనక్కి తిరగకుండా తాళం పడుతుంది. నా మణికట్టు చేయాల్సిన పని అది చేస్తుందన్నమాట. ఇంజన్‌కీ గేర్లకీ మధ్య నూనెతో పనిచేసే ఫ్లూయిడ్ కప్లింగ్ ఉంటుంది, నూనె నింపితే పట్టుకుంటుంది, తీసేస్తే వదిలేస్తుంది. డ్రైవర్ చేయాల్సిందల్లా బండి వేగం పుంజుకునే కొద్దీ ఒక్కో ఇంజన్‌ను కలుపుకుంటూ పోవడమే. ఎక్కడా గేరు పళ్లు విడదీసి మళ్లీ కలపక్కర్లేదు. అంటే లాగుడు మధ్యలో తెగదు.

ఇందులో నాకు ఇంకా బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ నాలుగు ఇంజన్లకు గాలి ఎక్కించే బ్లోయర్లను ఆ ఇంజన్లతో తిప్పలేదు. దానికి విడిగా ఇంకో రెండు చిన్న ఇంజన్లు పెట్టారు, 150 హార్స్‌పవర్‌వి, లండన్ బస్సులు చేసే ఏఈసీ కంపెనీవి. ఎందుకంటే, పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు ఒకే జోరుతో వడ్డిస్తూ పోతున్నాడనుకోండి. తినేవాడు గబగబా తింటే ముద్ద చిన్నది. నెమ్మదిగా తింటే విస్తట్లో పోగుపడుతుంది, ముద్ద పెద్దది. అలాగే బ్లోయర్ ఒకే జోరుతో గాలి ఇస్తుంటే, పెద్ద ఇంజన్ నెమ్మదించినప్పుడు ఒక్కో సిలిండర్లోకి ఎక్కువ గాలి పడుతుంది, ఎక్కువ డీజిల్ కాల్చగలదు, ఎక్కువ బలం వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గితే బలం దానంతటదే పెరుగుతుంది. మామూలు డీజిల్ ఇంజన్ అలా ఉండదు, వేగం బాగా తగ్గితే నీరసపడుతుంది. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి మాంచెస్టర్ వెళ్లే లైను పీక్ డిస్ట్రిక్ట్ కొండల మీదుగా పోతుంది, 10100 ఆ దారిలో ప్యాసింజర్ బండ్లు లాగింది.

మొత్తం మీద 2000 హార్స్‌పవర్, బరువు 120 టన్నులు. ఐవాట్ గారి 10000 ఇంతకంటే బరువు, అయినా 1600 హార్స్‌పవరే. అంటే ఫెల్ లెక్క తప్పలేదు.

ఇదంతా బాపుకు ఫోన్లో బొమ్మ పెద్దది చేసి చూపిస్తూ చెప్పాను. రెండు ఇంజన్ల దగ్గర "శెభాష్" అన్నాడు. నాలుగు దగ్గర తలూపాడు. బ్లోయర్ల కోసం ఇంకో రెండు అనగానే కళ్లద్దాలు తీసి నా మొహంలోకి చూశాడు.

"మొత్తం ఆరు ఇంజన్లా?"

"ఆరు."

"సిలిండర్లెన్ని?"

నలభై ఎనిమిది, పన్నెండు. వేళ్ల మీద తనే లెక్కపెట్టుకున్నాడు. "అరవై. అంటే అరవై నాజిళ్లు. ఆరు పంపులు. ఆరు రేడియేటర్ లైన్లు. దాని కింద మల్ల డిఫరెన్షియళ్లు. ఎవడు చూస్కుంటడు బిడ్డా దీన్ని?"

అక్కడ నాకు కొంచెం కోపమొచ్చింది. డిజైన్ బాగుందా లేదా చెప్పమంటే మెకానిక్ బాధ చెబుతాడేంటి అని. గంటసేపు వాదించుకున్నాం. ఒకటి పాడైనా మూడింటితో బండి నడుస్తుంది కదా అన్నాను. నడుస్తది అన్నాడు. లాగే బలం కూడా తగ్గదు, వేగమే ముప్పావు అవుతుంది అన్నాను. అవును అన్నాడు. మరి? "నడుస్తది గని, రోజూ ఏదో ఒకటి పోతది. ఆరు ఉంటే ఆరింతలు పోతది. నువ్వు బండి నడిచే లెక్క చెప్తున్నవ్, నేను బండి షెడ్డుల నిలబడే లెక్క చెప్తున్న."

సాయంత్రం మా వీధిలోనే ఉండే లోకో పైలట్ అంకుల్ వచ్చారు, రిటైరై చాలా ఏళ్లయింది. కాజీపేట వైపు ఆల్కోలు నడిపిన మనిషి. బాపు ఆయనకు నాకన్నా ముందే మొత్తం చెప్పేశాడు, పెడల్ తిప్పి చూపించి మరీ. పొద్దున నాతో వాదించిన మనిషి సాయంత్రానికి ఫెల్ తరఫు వకీలైపోయాడు. అంకుల్ ఓపిగ్గా విని, "ముక్కులో రెండు వీ-12లు పెట్టి వెంటనే వెనక క్యాబ్ పెట్టారామ్మా? పాపం డ్రైవరు" అన్నారు. ఆయనకు గేర్లతో పని లేదు, చెవులతో పని. ఆల్కోలో ఎనిమిది నాచ్‌లు, అంటే బలం పెంచే మెట్లు, ఒక్క హ్యాండిల్, అంతే హాయి అన్నారు. తర్వాత ఏదో గుర్తొచ్చి, "కరెంటు మోటార్లు లేనివి మన దగ్గరా ఉండేవమ్మా, గుత్తిలో. జర్మనీ బండ్లు" అన్నారు. అవి డబ్ల్యూడీఎం-3లు. 1970లో హెన్షెల్ నుంచి వచ్చినవి, మొత్తం ఎనిమిదంటే ఎనిమిది. గేర్లూ నూనె కలిసి నడిపే డీజిల్-హైడ్రాలిక్ రకం. మన దగ్గరా పెద్ద మెయిన్‌లైన్ బండ్లలో ఆ వంశం అక్కడితోనే ఆగిపోయింది. బ్రిటన్‌లో వెస్టర్న్ రీజియన్ వాళ్లు జర్మన్ పద్ధతిలో హైడ్రాలిక్‌లను వందల్లో చేయించుకుని కూడా 1977 కల్లా అన్నింటినీ పక్కన పెట్టేశారు. అలాంటప్పుడు ఒంటరిగా పుట్టిన 10100 మాటేముంది!

రాత్రి నేను మళ్లీ ఒకసారి తేదీలు చూసుకున్నాను. ఫెల్‌ను ఓడించింది ఎలక్ట్రిక్ పద్ధతి ఒక్కటే కాదు. నాలుగు చిన్న ఇంజన్లు ఎందుకు పెట్టాడు? నాలుగు ఉంటేనే ఆ నాలుగు మెట్ల డిఫరెన్షియల్ ఆట కుదురుతుంది, నిజమే. ఆ రోజుల్లో తేలికగా, వేగంగా తిరిగే ఇంజన్ కావాలంటే చిన్నదే కావాలి, అదీ నిజమే. కానీ 1958లో ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ వాళ్ల డి200 వచ్చింది. ఒకే ఇంజన్, పదహారు సిలిండర్లు, అదే 2000 హార్స్‌పవర్. బరువు 133 టన్నులు. అంటే బరువులో ఫెల్ బండే ఇంకా మెరుగు! అయినా అలాంటివి మొత్తం 200 కట్టారు. అరవై సిలిండర్లకు బదులు పదహారు. పదమూడు టన్నులు ఎక్కువైతే ఏం, మోసుకుపోవచ్చు. బాపు చెప్పిన షెడ్డు లెక్కే అది. పొద్దున నేను అరిచినందుకు కాస్త సిగ్గేసింది, కానీ ఆయనకు చెప్పలేదు.

అదే 1958, అక్టోబర్ 16న, మాంచెస్టర్ సెంట్రల్ స్టేషన్లో 10100కు నిప్పంటుకుంది. ఇక్కడ ఒక విచిత్రం. కాలింది ఆ నాలుగు ఇంజన్ల వల్ల కాదు, డిఫరెన్షియల్ వల్లా కాదు. చలికాలంలో పెట్టెల్లోకి వేడి ఆవిరి పంపడానికి బండిలో ఒక చిన్న బాయిలర్ పెట్టారు. మంట అక్కడ పుట్టింది. ఏడేళ్లు అన్ని తిప్పలూ పడ్డ గేరుబాక్సుకు ఏ పాపమూ తెలియదు. ఆ బాయిలర్ అవసరం మన సికింద్రాబాద్‌లో అసలు ఉండేదే కాదు కదా అనిపించింది, మే నెల ఉక్కలో ఫ్యాన్ కింద కూర్చుని ఇది చదువుతుంటే. బండిని మళ్లీ బాగు చేయించలేదు. డెర్బీకి లాక్కెళ్లి పక్కన పెట్టి, 1960లో కోసేశారు. ఇంకోటి కట్టలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే బాపు వరండాలోనే ఉన్నాడు. క్రౌన్ మీది సుద్ద గీతను తుడవలేదు. ఎడమ పెడల్ పట్టుకుని, ఎవరూ పట్టుకోని కుడి పెడల్ వెనక్కి తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. బండి సంగతి ఏమైందని అడిగాడు. కాలిపోయిందని, స్క్రాపుకు కోశారని చెప్పాను.

"మంట గేరుబాక్సు దాకా పోయిందా?"

"లేదు బాపూ, బాయిలర్ దగ్గర."

పెడల్ ఆపేశాడు. "మరి గేర్లన్న ఊడదీసి పెట్టుకోవాలె గదా," అన్నాడు, డెర్బీలో ఎవరో ఆయన షెడ్డు కుర్రాడు తప్పు చేసినట్టు. "గట్లాంటి స్టార్ పినియన్లు మల్ల యాడ దొరుకుతయి?"